బండకు పట్టిన స్పాంజి

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర కుట్టుపని కోసం నేను అద్దెకు తీసుకున్న గది ఒకప్పుడు ఫొటో స్టూడియో. 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు, కింద తాండూరు బండలు. వాటి మీద ఎర్ర కార్పెట్. పైపొర చాపలా చుట్టుకుని వచ్చేసింది. దాని కింది స్పాంజి మాత్రం కొన్నిచోట్ల పిండిలా రాలుతూ, కొన్నిచోట్ల గిన్నెకు అడుగంటిన సర్వపిండిలా బండను పట్టుకుని ఉంది.

ముందు నీళ్లు పోయకండి. స్పాంజి పొడి తడిస్తే ముద్దై బండల సందుల్లోకి దిగుతుంది, ఆ తర్వాత పుల్లతో తీయాల్సిందే. ముక్కుకు మాస్కు కట్టుకుని, కిటికీలు తెరిచి, స్పాంజిని బ్లేడుతో జానెడు వెడల్పు పట్టీలుగా కోయండి. పట్టీ కొసను పైకి లాగితే మధ్యలో తెగుతుంది. వెనక్కి మడిచి నేలకు ఆనించి లాగితే పొడుగ్గా వస్తుంది. పాత అతుకు విప్పేటప్పుడు బట్టను ఇలాగే పట్టుకుంటాం.

మిగిలిన పెచ్చులకు పెయింటర్లు లప్పం పెట్టే రేకు చాలు. దాన్ని దాదాపు పడుకోబెట్టి తోయాలి. నిలబెడితే గీతలు పడతాయి. ఉలి, సుత్తి వద్దు. తాండూరు బండ పొరలు పొరలుగా ఉంటుంది, దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది.

ఇక జిగురు. ఒక మూల వేడినీళ్లలో తడిపిన గుడ్డ పది నిమిషాలు ఉంచి గోటితో గీకి చూడండి. తెల్లగా మెత్తబడితే అదృష్టం. వేడినీళ్లలో ముంచిన గోనెసంచిని ఒక్కో బండ మీద కాసేపు పరిచి, చల్లారకముందే గీకేయండి. గది మొత్తం ఒకేసారి తడపకండి, చివరి బండకు వచ్చేసరికి మళ్లీ బిగుస్తుంది. సాగుతూ, పసుపు రంగులో, నీళ్లకు చలించకుండా ఉంటే అది రబ్బరు జిగురు. దానికి టర్పెంటైను, అంటే పెయింటును పలుచన చేసే నూనె, గుడ్డతో అద్ది, కాసేపు ఆగి గీకాలి. బండ నూనెను పీల్చుకుని మచ్చపడవచ్చు కనుక ముందు మూలలోనే చూసుకోండి. ఆ పని జరిగేంతసేపు గదిలో అగ్గిపుల్ల, ఇస్త్రీపెట్టె ఏవీ ఉండకూడదు. నేను నా ఇస్త్రీపెట్టెను ముందే ఇంటికి పంపేశాను. పాత భవనాల్లో తారులాంటి నల్ల జిగురు కనిపిస్తే మాత్రం గీకకండి, మిషనుతో అరగదీయకండి. అలాంటి పాత జిగుర్లలో ఆస్‌బెస్టాస్, అంటే ఊపిరితిత్తులకు హాని చేసే రాతినార, ఉండే అవకాశం ఉంది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. రెండో రోజు ఓపిక నశించి, ఎవరో చెప్పారని బాత్రూములు కడిగే యాసిడ్ పోశాను. బుసబుసా నురగ వచ్చింది. జిగురు కరుగుతోందని మురిసిపోయాను. కరిగింది బండ! తాండూరు బండ సున్నపురాయి, యాసిడ్ దాన్ని తినేస్తుంది. నిమ్మరసం, వెనిగర్ కూడా అంతే, కాకపోతే నెమ్మదిగా. జిగురు అలాగే ఉంది, దాని చుట్టూ నునుపు పోయి పళ్లెమంత తెల్లమచ్చ మిగిలింది.

చివర్లో కొద్దిగా సబ్బునీళ్లతో తుడిచి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, రెండు రోజులు ఫ్యాను కింద ఆరనిచ్చాను. తీసిన స్పాంజి మూడు గోనెసంచులైంది. దాన్ని తగలబెట్టకండి, ఆ పొగ మంచిది కాదు. చెత్తబండికే ఇచ్చాను. తెల్లమచ్చ మీద కుట్టుమిషను పెట్టాను. ఊడ్చేటప్పుడు మిషను జరిపితే మాత్రం కనిపిస్తుంది.