మిడ్‌వైఫ్ చేతి మీద సహజ కాన్పు: ఇంట్లో ఎంతసేపు, కేంద్రంలో ఏం చేయాలి

మిడ్‌వైఫ్ అంటే పాతకాలపు మంత్రసాని కాదు. నర్సింగ్ చదివి, ఆపైన కాన్పుల మీదే 18 నెలల శిక్షణ పొందిన నర్సు. తెలంగాణ ప్రభుత్వం ఈ శిక్షణను 2017లో కరీంనగర్‌లో మొదలుపెట్టింది; మరుసటి ఏడాది కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4.

మిడ్‌వైఫ్ చేతి మీద సహజ కాన్పు అందరికీ కుదరదు. కడుపులో ఒక్క బిడ్డే ఉండాలి, తల కిందికి తిరిగి ఉండాలి, 37 వారాలు నిండాలి. బీపీ 140/90కి చేరకూడదు, మాయ కిందికి జారి దారికి అడ్డుపడకూడదు. రక్తం తక్కువగా ఉంటే ముందే సరిచేసుకోవాలి, హిమోగ్లోబిన్ 11 దాటితే మంచిది. మొదటిది పెద్దాపరేషన్ అయినవారు మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చు గానీ, అది ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రిలోనే.

మిడ్‌వైఫ్‌లు కాన్పు చేసే కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు గోడల రంగులు, నీళ్ల తొట్టి చూసి మురిసిపోకండి. అర్ధరాత్రి రెండింటికి ఎవరుంటారు? థియేటర్ ఎన్ని నిమిషాల దూరం? అక్కడిదాకా తీసుకెళ్లే బండి ఎవరిది? పోయిన ఏడాది ఎంతమందిని ఆసుపత్రికి పంపాల్సి వచ్చింది? “ఎవరినీ పంపాల్సిన పనే పడలేదు” అని చెప్పే చోటు మాకైతే అనుమానమే. తొలికాన్పుకు పుట్టింటికి వెళ్లేవారు 34వ వారం లోపే అక్కడి కేంద్రంలో పేరు రాయించుకుని, స్కాన్‌లూ రక్తపరీక్షల కాగితాలూ చూపించాలి. నొప్పులతో కొత్త చోటికి వెళ్తే మీ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు.

35వ వారం నుంచి వారానికి ఒకటి రెండుసార్లు యోనిద్వారం కింది భాగాన్ని నూనెతో మర్దన చేసుకోండి. శుభ్రమైన బొటనవేళ్లు మూడు నాలుగు సెంటీమీటర్లు లోపలికి పెట్టి, కిందికీ పక్కలకీ మెల్లగా సాగదీయాలి. ఐదు నిమిషాలు చాలు. తొలికాన్పులో కుట్లు పడే అవకాశం కొంత తగ్గుతుంది. ఇన్ఫెక్షన్ ఉంటే మాత్రం వద్దు.

ఎక్కువమంది పొరపడేది బయలుదేరే వేళ దగ్గరే. గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు కాన్పు మొదలైనట్టు. అంతకుముందు దశ తొలిచూలులో ఒక రోజంతా సాగినా వింత లేదు. రెండు సెంటీమీటర్లకే వెళ్లి పడుకుంటే నొప్పులు మందగిస్తాయి, ఇంటివాళ్లకు కంగారు మొదలవుతుంది, ఆ కంగారులోంచే సెలైన్‌లో నొప్పులు పెంచే మందు వస్తుంది. నొప్పి మొదలైన క్షణం నుంచి తర్వాతి నొప్పి మొదలయ్యేదాకా లెక్కపెట్టండి. తొలిచూలుకు మూడు నాలుగు నిమిషాలకొకటి, ఒక్కోటి నిమిషంసేపు, గంటపాటు అలాగే వస్తుంటే బయలుదేరండి. మలిచూలైతే ఐదు నిమిషాలకొకటి వస్తున్నప్పుడే కదలాలి, ఇల్లు దూరమైతే ఇంకా ముందే. నాలుగడుగులు నడిస్తే సద్దుమణిగేవి దొంగనొప్పులు.

ఇంట్లో ఉన్నంతసేపూ ఇడ్లీ, రాగిజావ, పల్చటి మజ్జిగ కొద్దికొద్దిగా తీసుకోండి. రెండు గంటలకోసారి మూత్రానికి వెళ్లండి, నిండిన మూత్రసంచి బిడ్డ తలను కిందికి దిగనివ్వదు. నొప్పులు రావాలని ఆముదం తాగొద్దు, వాంతులూ విరేచనాలే మిగులుతాయి.

ఉమ్మనీరు పచ్చగా పడినా, ఎర్రటి రక్తం కారినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో చూపు మసకబారినా నొప్పుల లెక్క పక్కనపెట్టి వెంటనే వెళ్లాలి. బండి లేకపోతే 108. ఉమ్మనీరు తేటగా పోయి నొప్పులు రాకపోయినా ఫోన్ చేసి వెళ్లి చూపించుకోండి.

కేంద్రంలో మిడ్‌వైఫ్ 15 నుంచి 30 నిమిషాలకోసారి బిడ్డ గుండె వింటుంది, నిమిషానికి 110 నుంచి 160 ఉండాలి. లోపలి పరీక్ష నాలుగు గంటలకోసారి చాలు. గంటకో సెంటీమీటరు తెరుచుకోవాలన్న పాత లెక్క పట్టుకోనక్కర్లేదు; 5 సెంటీమీటర్ల తర్వాత తొలిచూలుకు 12 గంటల దాకా పట్టవచ్చు. నడవండి, బంతి మీద కూర్చుని ఊగండి. నొప్పంతా నడుములోనే ఉంటే మోకాళ్లూ చేతుల మీద వంగండి. తోడున్నవారు నొప్పి వచ్చినప్పుడల్లా నడుం కింది ఎముకను అరచేతితో గట్టిగా నొక్కిపట్టాలి.

పూర్తిగా తెరుచుకోగానే “ముక్కమ్మా, ముక్కు” అని అరవడం అలవాటైపోయింది. ముక్కాలనిపించేదాకా ఆగడమే మేలు. ఊపిరి బిగబట్టకుండా, ఒంటికి తోచినట్టు చిన్నచిన్నగా ముక్కండి. తొలిచూలుకు ఇది మూడు గంటల దాకా సాగవచ్చు. తల బయటికి వస్తూ మంట పుట్టగానే ముక్కడం ఆపి, నోటితో హా హా అని గాలి వదలాలి. అప్పుడు ఎడమపక్కకు తిరిగి పడుకుని, గోరువెచ్చని గుడ్డ అద్దించుకుంటే తల మెల్లగా జారుతుంది, చీలిక తగ్గుతుంది. పొట్ట మీద ఎక్కి నొక్కడానికి ఎవరినీ ఒప్పుకోవద్దు.

బిడ్డ పుట్టగానే మీకు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ సూది వేస్తారు. సహజ కాన్పు కదా, ఇదెందుకు అనకండి. రక్తస్రావాన్ని ఆపేది అదే. బిడ్డ మీ రొమ్ము మీదే ఉంటుంది, బొడ్డుతాడు ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి కోస్తారు. గంటలోపు ముర్రుపాలు పట్టాలి, తేనె వద్దు, చక్కెరనీళ్లు వద్దు. మాయ మామూలుగా అరగంటలో పడుతుంది.

మాయ అరగంటకీ పడకపోయినా, రక్తం 500 మిల్లీలీటర్లు దాటినా, అంతకుముందే బిడ్డ గుండె తడబడినా, మీరే ఇక ఓర్చుకోలేక మత్తు కావాలన్నా ఆసుపత్రికి పంపుతారు. అందుకే కాగితాల ఫైలు సంచి అడుక్కి వేయకుండా పైనే ఉంచండి. వెంట ఎవరు వస్తారో, రక్తం ఎవరిస్తారో ముందే అనుకోండి.

కాన్పయ్యాక కనీసం 24 గంటలు కేంద్రంలోనే ఉండాలి. ఆరు గంటల్లోపు మూత్రం రాకపోతే చెప్పండి. ఇంటికి వెళ్లాక గంటలోనే ప్యాడ్ పూర్తిగా తడిసినా, జ్వరం వచ్చినా ఫోన్ చేయాలి. ఇక పథ్యం పేరుతో బాలింతకు మంచినీళ్లు తగ్గించే అలవాటు ఇంట్లో ఉంటే, ఆ సంగతి పెద్దవాళ్లతో కాన్పుకు ముందే మాట్లాడుకోండి.