హరికేన్ వెళ్లిపోయాక అమెరికాలోని మనవారి క్షేమం కనుక్కోవడం ఎలా

హరికేన్ తీరం దాటిన తరువాత అమెరికాలోని మనవారి ఫోను పలకకపోతే, చాలా సందర్భాలలో అందుకు కారణం వారికి ఏదో జరగడం కాదు. ఆ ప్రాంతంలోని సెల్ టవర్లకు కరెంటు లేకపోవడమో, టవర్లను కలిపే కేబుళ్లు తెగిపోవడమో అయి ఉంటుంది. 2017 సెప్టెంబరులో మరియా అనే హరికేన్ అమెరికా అధీనంలోని ప్యూర్టో రికో దీవి మీదుగా వెళ్లిన మర్నాడు ఆ దీవిలో 95 శాతానికి పైగా సెల్ టవర్లు పనిచేయడం లేదని అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తెలిపింది. ప్రాణాలతో, తమ ఇంట్లోనే ఉండి కూడా బంధువులకు ఒక్క మాట చెప్పే దారి లేక కూర్చున్నవారు ఆ రోజు లక్షల్లో ఉన్నారు. కనుక మౌనాన్ని దుర్వార్తగా తీసుకోవద్దు. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోవలసిన పనీ లేదు. తుఫానులో చిక్కినవారికి లేనివి రెండు మన దగ్గర ఉన్నాయి: కరెంటు, ఇంటర్నెట్. సమాచారం వెతకడం, నంబర్లు సంపాదించడం, పదిమందికి కబురు చేయడం వంటి పనులన్నీ బయట ఉన్న మనం చేసి, వారి ఫోనులో మిగిలిన కాస్త బ్యాటరీని ఒకే ఒక్క జవాబు కోసం మిగల్చాలి.

ఫోను చేసే ముందు

మొదట వారి పూర్తి చిరునామా తీసి, అది ఏ కౌంటీలో (మన జిల్లా వంటిది) ఉందో చూడండి. టీవీలో వినిపించే పెద్ద నగరం పేరు ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు, ఎందుకంటే కరెంటు కోతలు, ఖాళీ చేయమన్న ఆదేశాలు, కర్ఫ్యూలు, ఆశ్రయ కేంద్రాల వివరాలు ఎక్కువగా కౌంటీల వారీగానే వెలువడతాయి. కెమెరాలు ఎప్పుడూ బాగా దెబ్బతిన్న వీధి దగ్గరే నిలబడతాయి కాబట్టి, అదే నగరంలో పది మైళ్ల అవతల ఉన్న మన బంధువు ఇంటికి నాలుగు కొమ్మలు విరిగిపడటం తప్ప ఏమీ జరగకపోయి ఉండవచ్చు. దీనికి విరుద్ధంగానూ జరుగుతుంది. 2024 సెప్టెంబరు 26న హెలీన్ అనే హరికేన్ ఫ్లోరిడా తీరాన్ని దాటింది. కానీ అత్యంత ఘోరమైన వరద వచ్చిన చోట్లలో ఒకటి సముద్రానికి వందల మైళ్ల దూరంలో, కొండల మధ్య ఉన్న నార్త్ కరోలినాలోని ఆష్‌విల్. అక్కడ కుళాయిలలో తాగడానికి పనికివచ్చే నీరు తిరిగి రావడానికి నవంబరు మధ్య దాటింది. ఫ్లోరిడాలోని మేనమామకు ఫోను చేసి ఊరట చెందినవారు, కొండల్లో ఉన్న మేనకోడలి సంగతి అడగడం మరిచిపోకూడదు.

కౌంటీ తెలిశాక పవర్‌ఔటేజ్ డాట్ యూఎస్ అనే సైటులో అక్కడ ఎన్ని ఇళ్లకు కరెంటు లేదో చూడవచ్చు. కౌంటీ అత్యవసర నిర్వహణ విభాగం, ఇంగ్లీషులో ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ అని పిలిచే కార్యాలయం, తన వెబ్‌సైటులోనూ సోషల్ మీడియాలోనూ తాజా వివరాలు పెడుతుంది. వారి వీధికి ఖాళీ చేయమన్న ఆదేశం వచ్చి ఉంటే, వారు ఇప్పుడు ఇంట్లో లేక మూడు గంటల ప్రయాణం దూరంలో ఏదో హోటల్లో ఉండే అవకాశమే ఎక్కువ. అలాగే అమెరికా వాతావరణ, సముద్ర పరిశోధన సంస్థ నోవా పెద్ద హరికేన్ల తరువాత దెబ్బతిన్న ప్రాంతాల మీద విమానాలు తిప్పి, తీసిన ఫోటోలను ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంచుతుంది. ఇంటి పైకప్పు నిలిచి ఉందా, చుట్టూ నీరు ఉందా అన్నది వాటిలో చాలావరకు కనిపిస్తుంది.

ఒక్క మెసేజ్, ఒక్క మనిషి

కుటుంబంలో ఇరవైమంది ఒకేసారి ఫోను చేయడం మనకు ప్రేమగా తోస్తుంది గానీ, అవతలివారి బ్యాటరీకి అంతకు మించిన కీడు లేదు. ఒకరిని నిర్ణయించుకోండి. ఆ ఒక్కరే మాట్లాడాలి, ఆ ఒక్కరే మిగిలినవారికి కుటుంబ గ్రూపులో చెప్పాలి. ఆ వ్యక్తి తుఫాను ప్రాంతానికి బయట, వీలైతే అమెరికాలోనే మరో రాష్ట్రంలో ఉంటే మేలు, ఎందుకంటే స్థానిక కార్యాలయాలకు పని వేళల్లో ఫోను చేయవలసి వస్తుంది. హరికేన్ల కాలంలో ఎక్కువ భాగం ఫ్లోరిడాలోని చాలా ప్రాంతాలు మనకంటే తొమ్మిదిన్నర గంటలు, టెక్సస్, లూసియానా పదిన్నర గంటలు వెనుక ఉంటాయి; హైదరాబాదులో సాయంత్రం ఆరున్నరకు హ్యూస్టన్‌లో ఉదయం ఎనిమిది.

మాట్లాడే కాల్ కంటే మామూలు ఎస్సెమ్మెస్ నయం. కాల్ నిలబడాలంటే మాట్లాడినంతసేపూ నెట్‌వర్క్‌లో చోటు కావాలి. ఎస్సెమ్మెస్ మాత్రం చిటికెడు సమాచారం గనుక, దారి దొరికే వరకు కంపెనీ కంప్యూటర్లలో నిలిచి ఉండి, మళ్లీ మళ్లీ ప్రయత్నించి వెళ్తుంది. ఇక్కడ మనవారు చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. ఇంగ్లీషు అక్షరాలలో రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి, తెలుగు లిపిలో రాస్తే 70 మాత్రమే పడతాయి, అది దాటితే మెసేజ్ ముక్కలవుతుంది. బలహీనమైన నెట్‌వర్క్‌లో ముక్కలన్నీ చేరతాయన్న నమ్మకం లేదు కాబట్టి, ఆ నాలుగు రోజులు తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో రాయడమే మంచిది. మెసేజ్ కూడా జవాబు తేలిక చేసేదిగా ఉండాలి: “అన్నయ్యా, అందరూ క్షేమమైతే 1, సాయం కావాలంటే 2 అని పంపు. ఫోను చేయనక్కరలేదు, బ్యాటరీ దాచుకో.” ఫోటోలు, వీడియోలు, వార్తల లింకులు పంపవద్దు.

జవాబు రాకముందే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. కాల్ మోగకుండా నేరుగా వాయిస్ మెయిల్‌కు వెళ్తే ఫోను ఆగిపోయి ఉండవచ్చు, లేదా నెట్‌వర్క్ లేకపోవచ్చు. చాలాసేపు మోగితే, ఫోనుకు కనెక్షన్ ఉందని ఆశ పెట్టుకోవచ్చు. వాట్సాప్‌లో ఒక టిక్ ఉంటే మెసేజ్ ఇంకా చేరలేదు. రెండు టిక్కులు వస్తే అది వారి ఫోనుకు గానీ, వారు అనుసంధానించిన మరో పరికరానికి గానీ చేరిందని అర్థం. ఆ రెండో మాట గుర్తుంచుకోండి: ఆఫీసులో వదిలి వచ్చిన లాప్‌టాప్ కూడా ఆ పరికరం కావచ్చు, కాబట్టి రెండు టిక్కులను చూసి పూర్తిగా నిశ్చింత పడలేము.

ఒక రోజు గడిచినా కబురు లేకపోతే

అప్పుడు వారి చుట్టూ ఉన్నవారిని పట్టుకోవాలి. అపార్ట్‌మెంటులో ఉంటే దాన్ని అద్దెకిచ్చే లీజింగ్ ఆఫీసు, ఉద్యోగులైతే కంపెనీ హెచ్‌ఆర్ విభాగం, విద్యార్థులైతే విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం మొదట అడగవలసిన చోట్లు. చాలా కంపెనీలు, కాలేజీలు తమవారిని తామే లెక్కపెట్టుకుంటూ ఉంటాయి. ఆ ఊరి గుడి, స్థానిక తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులు కూడా ఈ సమయంలో ఆశ్చర్యపోయేంత చురుకుగా పనిచేస్తాయి. అయితే ఆ గ్రూపుల్లో పేరు, వీధి పేరు, “ఇంట్లో ఎవరూ లేరు” అన్న మాట మూడూ కలిపి రాయవద్దు; ఖాళీ ఇల్లు ఎక్కడుందో దొంగకు చెప్పినట్లవుతుంది.

ఇవేవీ ఫలించకపోతే అధికారుల దగ్గరకు వెళ్లాలి. అమెరికా అత్యవసర నంబరు 911ను అక్కడే మరో రాష్ట్రం నుంచి నొక్కితే అది మీ ఊరి కేంద్రానికే వెళ్తుంది, ఇండియా నుంచైతే అసలు పనికిరాదు. కావలసింది వారు ఉన్న కౌంటీ షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) కార్యాలయం లేదా ఆ నగర పోలీసుల అత్యవసరం కాని పది అంకెల నంబరు. అది వారి వెబ్‌సైటులో ఉంటుంది. అక్కడ “వెల్ఫేర్ చెక్” కావాలని అడిగితే, వీలు చూసుకుని సిబ్బందిని ఇంటికి పంపుతారు. తుఫాను వెళ్లిన మొదటి గంటల్లో వారు ప్రాణాపాయంలో ఉన్నవారిని కాపాడే పనిలో ఉంటారు గనుక, మనవారు ఆక్సిజన్ మీదో, డయాలసిస్ మీదో ఉన్నారన్న స్పష్టమైన కారణం ఉంటే తప్ప ఆ లైనును ఆక్రమించకపోవడం న్యాయం. అమెరికన్ రెడ్ క్రాస్ (1-800-733-2767) విపత్తులో విడిపోయిన కుటుంబాలను కలపడానికి సాయపడుతుంది. అనారోగ్యం ఉన్నవారి విషయంలో అక్కడ తప్పక అడగాలి. ఆశ్రయ కేంద్రాలు, స్థానిక సేవల వివరాలకు అమెరికాలో 211 ఉంది. బయటి రాష్ట్రం నుంచి చేసేవారు ఆ ప్రాంతపు 211 కేంద్రం పూర్తి నంబరు వెతుక్కోవాలి.

ఏ కార్యాలయానికి ఫోను చేసినా, చేసే ముందే వివరాలు కాగితం మీద రాసి పెట్టుకోండి: వయసు, ఫ్లాట్ నంబరుతో సహా చిరునామా, కారు రంగు, నంబరు, వాడే మందులు, చివరిసారి మాట్లాడిన తేదీ, వేళ, మీ ఫోను నంబరు. అన్నిటికంటే ముఖ్యం పేరు. మనం చిన్నీ అనో బుజ్జి అనో పిలిచే మనిషి అక్కడ డ్రైవింగ్ లైసెన్సు మీద ఉన్న పేరుతోనే నమోదవుతాడు. పైగా ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు వల్ల పాస్‌పోర్టులో ఇంటిపేరు, అసలు పేరు తారుమారైన వారూ ఎందరో ఉన్నారు. ఆసుపత్రిలోనో, ఆశ్రయ కేంద్రంలోనో “ఆ పేరుతో ఎవరూ లేరు” అంటే, రెండు పేర్లనూ అటూ ఇటూ మార్చి, అక్షరం అక్షరం చెప్పి మళ్లీ అడిగించండి.

భారత పౌరులైతే ఆ ప్రాంతపు భారత కాన్సులేటును కూడా సంప్రదించవచ్చు. 2017 ఆగస్టులో హార్వే హరికేన్ కురిపించిన వానకు హ్యూస్టన్ విశ్వవిద్యాలయం దగ్గర సుమారు 200 మంది భారతీయ విద్యార్థులు నీటిలో చిక్కుకుపోయినప్పుడు, అక్కడి కాన్సులేట్ వారికి సాయం అందించే ప్రయత్నాలు చేసింది.

కారెక్కి స్వయంగా బయలుదేరాలన్న కోరికను మాత్రం ఆపుకోండి. రోడ్లు తెగి ఉంటాయి, పెట్రోలు దొరకదు, కర్ఫ్యూ ఉంటుంది. మీరు ఇరుక్కుంటే సహాయక సిబ్బందికి మరొక పని పెంచినవారవుతారు. “మీ తమ్ముడు గాయపడ్డాడు, ఆసుపత్రి ఖర్చులకు వెంటనే డబ్బు పంపండి” అని తెలియని నంబరు నుంచి వచ్చే కబురును కూడా, ఆసుపత్రి పేరు అడిగి, దాని నంబరును మీరే వెతికి ఫోను చేసే వరకు నమ్మవద్దు.

జవాబు వచ్చిన తరువాత

మొదటి మాటల్లో నాలుగు సంగతులే తెలుసుకోండి: ఎవరికైనా దెబ్బలు తగిలాయా, అందరూ ఒకేచోట ఉన్నారా, నీళ్లూ మందులూ ఎన్ని రోజులకు ఉన్నాయి, మళ్లీ ఎప్పుడు మాట్లాడదాం. రోజుకు రెండు వేళలు అనుకుని, ఆ పది నిమిషాలే ఫోను తెరిచి మిగిలిన సమయం ఆపి ఉంచమనండి. అలాగే మీరు ఎవరెవరిని వాకబు చేశారో వారందరికీ, ముఖ్యంగా వెల్ఫేర్ చెక్ కోరిన కార్యాలయానికి, మనిషి దొరికాడని వెంటనే చెప్పండి. ఇది చాలామంది మరిచిపోతారు. చెప్పకపోతే, దొరికిన మనిషి కోసం సిబ్బంది ఆ తలుపు తడుతూనే ఉంటారు.

నా ఉద్దేశంలో అసలైన క్షేమ విచారణ ఇక్కడే మొదలవుతుంది. మరియా వల్ల 64 మంది మరణించారని మొదట లెక్కవేసిన ప్యూర్టో రికో ప్రభుత్వం, 2018 ఆగస్టులో జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం అధ్యయనం తరువాత ఆ సంఖ్యను 2,975కు మార్చింది. అది తుఫాను రోజు నుంచి 2018 ఫిబ్రవరి వరకు జరిగిన అదనపు మరణాలను కలిపిన అంచనా. 2017లోనే ఇర్మా హరికేన్ తరువాత ఫ్లోరిడాలోని హాలీవుడ్ అనే ఊరిలో ఒక వృద్ధుల సంరక్షణ గృహంలో ఏసీ ఆగిపోయి, ఆ వేడికి 12 మంది వృద్ధులు ప్రాణాలు కోల్పోయారు. “క్షేమం” అని మొదటి రోజు వచ్చిన మెసేజ్ ఐదవ రోజు సంగతి చెప్పదు.

కనుక మాట్లాడిన ప్రతిసారీ “ఎలా ఉన్నారు?” అని ఆగిపోకుండా, ఒక్కో విషయం విడివిడిగా అడగాలి. జనరేటర్ వాడుతుంటే అది ఎక్కడ పెట్టారు? అది గరాజ్‌లోనో, కిటికీ పక్కనో కాక ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో ఆరుబయట ఉండాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్లు ఉండడం మొదలైతే వెంటనే బయటకు వచ్చి 911కు ఫోను చేయాలి. కుళాయి నీరు కాచుకోమన్నారా? కాచమంటే నీరు తెర్లడం మొదలైన తరువాత కనీసం ఒక నిమిషం మరగాలి. వరద నీటిలో రసాయనాలు కలిశాయని చెబితే కాచినా పనికిరాదు. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉందా? తలుపు తెరవకుండా ఉంచితే కరెంటు పోయాక ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లగా ఉంటుంది, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు ఆగుతుంది. తెగిపడిన తీగల దగ్గరకూ, నిలిచిన వరద నీటిలోకీ పిల్లలను పోనివ్వవద్దని, పైకప్పు బాగుచేయడానికి ఎవరూ ఒంటరిగా ఎక్కవద్దని చెప్పండి.

కొడుకు దగ్గరకో కూతురి దగ్గరకో వచ్చి ఉన్న తల్లిదండ్రుల గురించి విడిగా అడగడం అవసరం. వారికి కారు నడపడం రాదు, తరచుగా అక్కడి సిమ్ ఉండదు, తెచ్చుకున్న బీపీ, షుగర్ మందులు అక్కడి మందుల షాపులో డాక్టరు చీటీ లేకుండా దొరకవు. ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కపెట్టి చెప్పమనండి. ఎండలో ఏసీ లేని ఇంట్లో ఉండేకంటే, వారిని కరెంటు ఉన్న స్నేహితుల ఇంటికో, కౌంటీ తెరిచిన చల్లని కేంద్రానికో చేర్చమని పట్టుబట్టడం తప్పు కాదు. “పరవాలేదు, మేం సర్దుకుంటాం” అన్న మాటను ఈ ఒక్క విషయంలో పెద్దల దగ్గర నుంచి ఒప్పుకోవద్దు.

రెండవ వారానికి పని కాగితాల మీదికి మారుతుంది. పాడైన సామాను పారేయడానికి ముందే ఫోటోలు తీయమని, ఇన్సూరెన్స్ కంపెనీకి త్వరగా తెలియజేయమని గుర్తు చేయండి. పాలసీ కాపీ ఈమెయిల్‌లో ఉంటే మీరు వెతికి పంపండి. ఇళ్ల యజమానుల సాధారణ పాలసీలో వరద నష్టం కలవదు, దానికి వేరే పాలసీ ఉండాలి. ప్రభుత్వ విపత్తు సంస్థ ఫెమా (1-800-621-3362) ఇచ్చే నగదు సాయానికి అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు, మరికొన్ని వర్గాలవారు అర్హులు. హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్నవారికి స్వయంగా ఆ అర్హత లేదు గానీ, ఇంట్లో అమెరికా పౌరసత్వం ఉన్న మైనర్ బిడ్డ ఉంటే ఆ బిడ్డ తరఫున దరఖాస్తు పెట్టవచ్చు. ఆశ్రయం, ఆహారం, నీరు వంటి అత్యవసర సాయానికి వీసాతో సంబంధం లేదు, కాబట్టి ఆ భయంతో ఆశ్రయ కేంద్రానికి వెళ్లకుండా ఆగిపోయినవారు ఎవరైనా ఉంటే ఈ మాట వారికి చేరవేయండి. నిద్ర పట్టక, వాన చినుకు పడితేనే ఉలిక్కిపడుతున్నవారికి 1-800-985-5990 అనే విపత్తు సహాయ లైనులో రాత్రీ పగలూ ఎవరో ఒకరు పలుకుతారు. ఆ నంబరును ముందే వారికి మెసేజ్ చేసి ఉంచండి.