కారు కింద తడి మరక: ద్రవాన్ని గుర్తించి, లీకు మూలాన్ని పట్టుకోవడం

కారు నిలిపిన చోట తడి మరక కనిపించగానే చాలామంది వంగి చూసి, ఆ మరకకు సరిగ్గా పైన ఉన్న భాగాన్నే అనుమానిస్తారు. అనవసరపు ఖర్చులు చాలావరకు ఈ అనుమానంతోనే మొదలవుతాయి. ఇంజన్ నుంచి బయటపడిన ద్రవం లోహపు అంచుల వెంట, బోల్టుల మీదుగా కిందికి జారుతుంది. బండి నడుస్తున్నప్పుడు ఎదురుగాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. ఇంజన్ అడుగున ప్లాస్టిక్ కవరు బిగించి ఉంటే దానిమీద పేరుకుని, ఎక్కడ రంధ్రం దొరికితే అక్కడి నుంచి నేలమీద పడుతుంది. అందువల్ల మొదట ఆ ద్రవం ఏమిటో తేల్చుకోవాలి, ఆ తరువాత తడి ఎక్కడ మొదలైందో పై నుంచి కిందికి వెతకాలి. ఈ వరుస తప్పితే బాగున్న భాగాన్ని మార్చి, చెడిన భాగాన్ని అలాగే వదిలేసే అవకాశం ఉంది.

బండిని కదపకూడని సందర్భాలు

పెట్రోలు వాసన ఘాటుగా వస్తుంటే పరీక్షల జోలికి పోకూడదు. ఇంజన్ స్టార్ట్ చేయకుండా, నిప్పు గానీ విద్యుత్ మెరుపు గానీ దరిచేరకుండా చూసి, బండిని లాగించి మెకానిక్కుకు అప్పగించాలి. పెట్రోలు త్వరగా ఆవిరైపోతుంది కనుక నేలమీద మరక లేకపోయినంత మాత్రాన లీకు లేదని అనుకోకూడదు. ట్యాంకు నిండుగా నింపించినప్పుడు మాత్రమే వాసన వస్తుంటే, లోపం ట్యాంకు పైభాగంలోని పంపు సీలులోనో, ఇంధనం పోసే గొట్టంలోనో ఉండే అవకాశం ఎక్కువ; ఈ ఒక్క విషయం చెప్పినా మెకానిక్కు పని చాలా తగ్గుతుంది. డీజిల్ ఆవిరి కాకుండా జిడ్డుగా నిలిచిపోతుంది కాబట్టి వాసనతోనే తెలిసిపోతుంది.

చక్రం లోపలి వైపు లేదా బ్రేక్ పెడల్ వెనుక జారుడుగా ఉండే లేత పసుపు ద్రవం కనిపించి, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంటే అది బ్రేక్ ఆయిల్. అప్పుడు బండిని మెల్లగా నడిపి మెకానిక్కు దాకా చేర్చుదామన్న ఆలోచన కూడా చేయకూడదు. అయితే బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం కొద్దిగా తగ్గడం లీకుకు రుజువు కాదు. బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకు జరిగి, డబ్బాలోని ద్రవం ఆ ఖాళీని నింపుతుంది. ప్యాడ్ల మందం చూడకుండా డబ్బా నింపేస్తే, కొత్త ప్యాడ్లు వేసిన రోజున పిస్టన్లను వెనక్కి నెట్టగానే అది పొంగి పొర్లుతుంది. సాధారణంగా వాడే గ్లైకాల్ రకం బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది కాబట్టి బాడీ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

కారు కిందికి దూరి చూడవలసి వస్తే జాకీ ఒక్కదానిమీద ఎన్నడూ ఆధారపడకూడదు. సమతలమైన నేలమీద, చక్రాలకు అడ్డు పెట్టి, స్టాండ్లు వేసిన తరువాతే దూరాలి.

ద్రవాన్ని గుర్తించడం

పాత మరకల మధ్య కొత్త చుక్కను వెతకడం కష్టం. శుభ్రమైన తెల్ల అట్టను ఇంజన్ కింద రాత్రంతా పరచి, దానిమీద ముందు చక్రాలు ఎక్కడున్నాయో గీతలతో గుర్తు పెట్టుకుంటే, ఉదయానికి ద్రవం రంగు, పడిన చోటు రెండూ తెలుస్తాయి. రంగు ఉపయోగపడేదే కానీ ఒంటరిగా నమ్మదగినది కాదు. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంటు ఆకుపచ్చ, గులాబీ, నారింజ, నీలం రంగుల్లో వస్తుంది; ఆటోమేటిక్ గేర్ బాక్సు ఆయిల్ సాధారణంగా కొత్తలో ఎర్రగా ఉండి కాలం గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది; గేర్లకు బదులు బెల్టుతో పనిచేసే కొన్ని సీవీటీ గేర్ బాక్సుల్లో వాడే ఆయిల్ ఆకుపచ్చగానో నీలంగానో కూడా ఉంటుంది.

రంగు తేల్చలేనప్పుడు నీళ్ల పరీక్ష నిజంగా పనికొస్తుంది. గాజు గ్లాసులో నీళ్లు తీసుకుని, సేకరించిన ద్రవాన్ని రెండు చుక్కలు వేయాలి. కూలెంటు, గ్లైకాల్ రకం బ్రేక్ ఆయిల్, అద్దాలు కడిగే ద్రవం నీటిలో కలిసిపోతాయి. ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్, డీజిల్ నీటి మీద పొరలా తేలుతాయి. ఈ ఒక్క పరీక్షతో అనుమానితుల జాబితా సగానికి తగ్గుతుంది. ఆ పైన వాసన చూడవచ్చు: కూలెంటుకు తీపి వాసన, మాన్యువల్ గేర్ ఆయిల్‌కు గంధకపు ఘాటు ఉంటాయి. రుచి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చూడకూడదు. కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాల్ మనుషులకూ పెంపుడు జంతువులకూ విషం.

మరక నీళ్లలా ఉంటే

ఏసీ వాడిన తరువాత, ముందు ప్రయాణికుడి కాళ్లు ఉండే చోటుకు కింద రంగూ వాసనా లేని నీళ్లు చుక్కలుగా పడుతుంటే అది లీకు కాదు. గాలిలోని తేమ ఏసీలో చల్లబడి నీరై బయటికి పోతోంది. ఎండాకాలంలో, తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆ నీళ్లు పడకపోతేనే అనుమానించాలి. ఆ గొట్టం మట్టితో మూసుకుపోతే నీరు కారు లోపలి తివాచీలోకి చేరుతుంది. గొట్టం శుభ్రం చేస్తే సరిపోతుంది. ముందు బంపరు మూలలో పలుచని రంగు నీళ్లు పడి, అద్దాలు కడిగే ద్రవం తరచూ అయిపోతుంటే ఆ ట్యాంకునూ సన్న గొట్టాన్నీ చూడాలి.

కూలెంటు తగ్గుతుంటే

అదనపు ట్యాంకులో మట్టం పదే పదే తగ్గడం, బానెట్ తెరిస్తే తీపి వాసన రావడం, హోసుల చివర్లలో తెల్లగానో రంగుగానో ఎండిన పొడి పేరుకోవడం కూలెంటు లీకు లక్షణాలు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు కూలెంటు మూత తెరవకూడదు. ఈ వ్యవస్థ చాలా కార్లలో దాదాపు 1 బార్ లేదా అంతకు కొంచెం ఎక్కువ ఒత్తిడితో పనిచేస్తుంది. మూత వదులు చేయగానే ఆ ఒత్తిడి పోయి, మరిగే కూలెంటు ముఖం మీదికి చిమ్ముతుంది.

ఎండిన పొడి క్లిప్పు దగ్గరే ఉంటే క్లిప్పు వదులైందనో, హోసు చివర గట్టిపడిందనో అర్థం. గట్టిపడి పగుళ్లు తేలిన రబ్బరును క్లిప్పు బిగించి ఆపాలని చూడడం వృథా, హోసు మార్చవలసిందే. చల్లగా ఉన్నప్పుడు చుక్కలు పడి వేడెక్కాక ఆగిపోయే లీకులు తరచుగా ఈ క్లిప్పుల దగ్గరే ఉంటాయి. వాటర్ పంపు కింది భాగంలో కావాలనే ఉంచిన చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడి నుంచి ధారగా కారుతుంటే లోపలి సీలు అరిగిందని, పంపు మార్చాలని అర్థం. ఆ పంపు టైమింగ్ బెల్టుతో తిరిగేదైతే బెల్టు కూడా అదే సమయంలో మార్చించుకోవడం తెలివైన పని, ఎందుకంటే విప్పే శ్రమ రెండింటికీ ఒకటే. ఎక్కడా తడి లేకుండా మట్టం తగ్గుతుంటే ముందుగా మూతను అనుమానించాలి: దాని స్ప్రింగు బలహీనపడితే ఒత్తిడి నిలవక కూలెంటు ఆవిరిగానో, పొంగిగానో బయటికి పోతుంది. మూత చౌక, మార్చడం క్షణాల పని.

కారు లోపలి తివాచీ జిగురుగా తడిసి, ముందు అద్దం మీద తుడిచినా పోని జిడ్డు మంచు పడుతుంటే క్యాబిన్ హీటరులోని చిన్న రేడియేటరు కారుతోంది. ఎక్కడా మరక లేదు, మూత బాగుంది, అయినా కూలెంటు మాయమవుతోంది, పొగ గొట్టం నుంచి వేడెక్కిన తరువాత కూడా తెల్ల పొగ వస్తోంది, ఆయిల్ మూత లోపల తెల్లటి నురగ కనిపిస్తోంది అంటే ఇంజన్ పై భాగానికీ కింది దిమ్మకూ మధ్య సీలుగా ఉండే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. నురగ ఒక్కటే ఉంటే తొందరపడకూడదు. చలికాలంలో తక్కువ దూరాలే తిరిగే బండ్లలో తేమ వల్ల కూడా ఆ నురగ ఏర్పడుతుంది.

ఇంజన్ ఆయిల్: మూలం ఎప్పుడూ పైనే వెతకాలి

గోధుమ లేదా నల్లని జిడ్డు మరక ఇంజన్ కింద పడుతుంటే ఆయిల్ కొలిచే కడ్డీ అయిన డిప్‌స్టిక్ చూసి, మట్టం కనీస గీత కంటే తగ్గి ఉంటే ముందు ఆయిల్ పోయాలి. తరువాత ఇటీవల ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే లీకు మొదలైతే డ్రెయిన్ బోల్టు వాషరు కొత్తది వేయకపోవడం, ఫిల్టరు సరిగా బిగియకపోవడం, లేదా పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుపోగా దానిమీదే కొత్త ఫిల్టరు బిగించడం కారణమై ఉంటుంది. ఫిల్టరు విప్పి చూస్తే రెండు రింగులు ఒకదానిమీద ఒకటి కనిపిస్తాయి.

అలాంటిదేమీ లేకపోతే, టార్చి లైటుతో ఇంజన్ పైభాగం నుంచి చూడడం మొదలుపెట్టాలి. మెకానిక్కులు ట్యాపెట్ కవర్ అనే పై మూత కింద ఉండే గాస్కెట్ వేడికి గట్టిపడి చెమ్మగిల్లడం అన్నింటికంటే సాధారణమైన లీకు. అక్కడి ఆయిల్ సైలెన్సరు గొట్టం మీద పడితే మాడు వాసన, సన్నని పొగ వస్తాయి. గాస్కెట్ మార్చడం పెద్ద పని కాదు. బోల్టులను కంపెనీ చెప్పిన బిగువుకు మించి బిగిస్తే మాత్రం మూత వంగి లీకు మరింత పెరుగుతుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్చు కూడా తరచూ కారే చిన్న, చవకైన భాగం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇంజన్, గేర్ బాక్సు కలిసే చోట కింద ఆయిల్ చుక్కలు కనిపిస్తే, ఇంజన్ శక్తిని గేర్ బాక్సుకు అందించే క్రాంక్ షాఫ్ట్ వెనుక సీలు పోయిందని, గేర్ బాక్సు దించాలని చెప్పేవారు ఉంటారు. అది నిజం కావచ్చు. కానీ పై మూత వెనుక అంచు నుంచి కారిన ఆయిల్ కూడా ఇంజన్ వీపు మీదుగా జారి సరిగ్గా అక్కడికే చేరుతుంది. పై మూత వెనుక భాగం పూర్తిగా పొడిగా ఉందని కళ్లారా చూసే దాకా గేర్ బాక్సు దించడానికి ఒప్పుకోవద్దని నా సలహా. ఒకేసారి రెండు మూడు సీళ్లు చెమ్మగిల్లుతుంటే ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోయే ముందు పీసీవీ వాల్వు చూడాలి. ఇంజన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే ఆ దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బాగున్న సీళ్ల నుంచి కూడా ఆయిల్‌ను నెట్టేస్తుంది. వాల్వు బాగు చేయకుండా వేసిన కొత్త సీలు కూడా మళ్లీ కారుతుంది.

గేర్ బాక్సు, స్టీరింగ్, చక్రాల దగ్గర

మధ్యభాగంలో ఎర్రని చుక్కలు పడుతుంటే ఆటోమేటిక్ గేర్ బాక్సు అడుగు గాస్కెట్, యాక్సిల్ సీళ్లు చూడాలి; దాని కూలర్ పైపులు రేడియేటరు దాకా వెళతాయి కనుక ముందు భాగంలో ఎర్రని ఆయిల్ కనిపించినా అది స్టీరింగ్‌దే అనుకోకూడదు. స్టీరింగ్ తిప్పినప్పుడు రోదలాంటి శబ్దం వచ్చి, స్టీరింగ్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గితేనే పంపు, హోసులు, ముందు చక్రాలను తిప్పే స్టీరింగ్ ర్యాకు చివరి రబ్బరు తొడుగులు పరీక్షించాలి. ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉన్న కార్లలో అసలు ఆ ఆయిలే ఉండదు. షాక్ అబ్జార్బరు ఒంటిమీద జిడ్డు కారుతుంటే దాని సీలు పోయింది. అటువంటివి ముందు జతనో, వెనుక జతనో కలిపి మార్చడం మంచిది. చక్రం లోపలి అంచున గ్రీజు చిమ్మినట్టు ఉంటే చక్రానికి ఇంజన్ శక్తిని అందించే సీవీ జాయింటు రబ్బరు చిరిగింది; జాయింటు అరగకముందే రబ్బరు మార్పిస్తే ఖర్చు తగ్గుతుంది.

అనుమానాన్ని రూఢి చేసుకోవడం

ఎంత చూసినా తేలకపోతే, చల్లారిన ఇంజన్‌ను జిడ్డు తీసే ద్రావకంతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. అనుమానం ఉన్న చోట పౌడరు పలుచగా చల్లి, కొంతదూరం నడిపి వస్తే, తడి మొదలైన చోట పౌడరు మీద చార స్పష్టంగా కనిపిస్తుంది. ఇంకా తేలకపోతే ఆయిల్‌లోనో, కూలెంటులోనో దానికి తగిన ఫ్లోరోసెంట్ రంగు కలిపి, కొన్ని రోజులు తిరిగాక అతినీలలోహిత దీపంతో చూస్తే లీకు దారి మెరుస్తుంది. కూలెంటు విషయంలో చేతి పంపుతో ఒత్తిడి ఎక్కించే పరికరం దీనికంటే వేగంగా ఫలితం ఇస్తుంది, ఇంజన్ నడపనవసరం కూడా లేదు.

లీకు ఆపుతాయని చెప్పి అమ్మే రసాయనాలను నేను సిఫారసు చేయను. దారి మధ్యలో చిక్కుకున్నప్పుడు కూలెంటులో పోసి ఇంటికి చేరడానికి అవి సాయపడవచ్చు కానీ, కారే చోటిని మూసే పదార్థమే హీటరులోని సన్నని దారులనూ మూసేయగలదు.

మరమ్మతు అయ్యాక పాత ఆయిల్ పూర్తిగా తుడిపించాలి, లేకపోతే అంచుల్లో మిగిలిన జిడ్డు రోజుల తరబడి రాలుతూ కొత్త గాస్కెట్ కూడా పోయిందన్న భ్రమ కలిగిస్తుంది. తరువాత మళ్లీ అట్ట పరచి, ఆయిల్, కూలెంటు మట్టాలను వారం పాటు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి.