హ్యూగో సైటు దానంతటదే పబ్లిష్ అయ్యేలా ఎలా పెట్టుకోవాలి?

హ్యూగో అంటే మనం రాసిన మామూలు ఫైళ్ల నుంచి సైటు పేజీలు తయారుచేసే ప్రోగ్రాం. విశాఖలో కాలేజీకో, అపార్ట్‌మెంట్ సంఘానికో సైటు చేసిపెట్టేవాళ్లు ఇంకా ఫైల్‌జిల్లా (సర్వర్‌కి ఫైళ్లు పంపే ప్రోగ్రాం) తెరిచి ఒక్కో ఫోల్డర్ చేత్తో ఎక్కిస్తున్నారు. దయచేసి ఆపేయండి. మధ్యలో నెట్ పోతే సగం కొత్త పేజీలు, సగం పాతవి. లాప్‌టాప్‌లో తీసేసిన పేజీ సర్వర్‌లో అలాగే పడి ఉంటుంది. మీరు గిట్‌హబ్‌కి (ఫైళ్లు దాచుకునే సైటు) పుష్ చేయాలి, అంటే మార్పులు పంపాలి, మిగతాదంతా అదే చూసుకోవాలి. ఇంకో పద్ధతి అక్కర్లేదు.

కావలసినవి గిట్ (ఫైళ్లలో మార్పులు గుర్తుపెట్టుకుని పంపే ప్రోగ్రాం), హ్యూగో, ఒక గిట్‌హబ్ ఖాతా. ఉచిత ఖాతా అయితే రిపాజిటరీ (గిట్‌హబ్‌లో మీ సైటు ఫైళ్లుండే చోటు) పబ్లిక్‌గా ఉండాలి. సెట్టింగ్స్‌లో పేజెస్ తెరిచి, సోర్స్ దగ్గర గిట్‌హబ్ యాక్షన్స్ (పనులను దానంతటదే నడిపే భాగం) ఎంచుకోండి. రెడీమేడ్ వర్క్‌ఫ్లోల్లో (ఏ పని ఎప్పుడు చేయాలో చెప్పే ఫైళ్లు) హ్యూగోది ఉంటుంది, దాన్నే కమిట్ చేయండి, అంటే రిపాజిటరీలో భద్రపరచండి. అందులో హ్యూగో వెర్షన్ దగ్గర మీ లాప్‌టాప్‌లో ఉన్న నంబరే ఉండాలి. ఫొటోల పేర్లన్నీ చిన్నక్షరాల్లోనే పెట్టండి. పెద్దక్షరానికీ చిన్నక్షరానికీ తేడా విండోస్ పట్టించుకోదు, బిల్డ్ (సైటు పేజీలు తయారవడం) జరిగే లైనక్స్ పట్టించుకుంటుంది. పుష్ చేయండి, పచ్చ టిక్కు పడుతుంది. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

అందరూ పాడుచేసేది టైము దగ్గర.

పొద్దున్న తొమ్మిదింటికి నోటీసు రాసి, తేదీ పక్కన 09:00 అని వేసి పుష్ చేస్తారు. పచ్చ టిక్కు వస్తుంది, సైటులో నోటీసు ఉండదు. కారణం ఇదీ: టైమ్‌జోన్ చెప్పకపోతే హ్యూగో ఆ తొమ్మిదిని యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) చదువుతుంది. మనం దానికన్నా అయిదున్నర గంటలు ముందున్నాం కాబట్టి, దాని లెక్కలో మీ నోటీసు మధ్యాహ్నం 2:30 వరకు భవిష్యత్తులోనే ఉంటుంది. భవిష్యత్తు తేదీ ఉన్న పేజీని హ్యూగో మామూలుగా బిల్డ్ చేయదు, ఎర్రరూ చూపించదు. పోనీ 2:30కి వస్తుందా అంటే అదీ రాదు. ఎవరో మళ్లీ బిల్డ్ నడపాలి.

చాలామంది ఇక్కడ వర్క్‌ఫ్లోలో బిల్డ్‌ఫ్యూచర్ (భవిష్యత్తు తేదీ పేజీలనూ బిల్డ్ చేయమనే సెట్టింగ్) పెట్టేస్తారు. అది మందు కాదు. వచ్చే నెలకని రాసిపెట్టిన నోటీసులన్నీ ఆ క్షణమే జనం ముందు పడతాయి. చేయాల్సింది ఇదీ: హ్యూగో కాన్ఫిగ్ ఫైల్లో (సైటు సెట్టింగులుండే ఫైలు) టైమ్‌జోన్ దగ్గర ఇంగ్లిష్‌లో Asia/Kolkata అని రాయండి. నేనైతే ప్రతి పోస్టులోనూ టైము చివర +05:30 కూడా వేయిస్తాను. రెండూ ఉండాల్సిందే.

ఇక ముందే రాసిపెట్టిన పోస్టు. ఫిషింగ్ హార్బర్ దగ్గర మరబోట్ల సంఘానికి నోటీసుల సైటు చేశారనుకోండి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. జూన్ 15 పొద్దున ఆరింటికి కొత్త నోటీసు కనబడాలి. వర్క్‌ఫ్లోలో షెడ్యూల్ చేర్చి, క్రాన్ (ఏ టైముకి నడవాలో చెప్పే వరుస) దగ్గర 30 0 * * * అని రాయండి. క్రాన్ కూడా మామూలుగా యూటీసీలోనే నడుస్తుంది. అక్కడ 0:30 అంటే మనకు ఉదయం 6. ప్రతి గంట మొదట్లో గిట్‌హబ్‌లో రద్దీ ఎక్కువై షెడ్యూల్ పనులు ఆలస్యమవుతుంటాయి. మన అరగంట తేడా ఇక్కడ కలిసొస్తుంది, మన ఆరు గంటలు అక్కడ గంట మొదలు కాదు. అయినా సరిగ్గా ఆరుకే అని ఎవరికీ మాటివ్వకండి. షెడ్యూల్ డిఫాల్ట్ బ్రాంచ్‌లో (రిపాజిటరీలో అసలు ప్రతి, మామూలుగా main) ఉంటేనే నడుస్తుందని కూడా గుర్తుంచుకోండి.

అసలు ప్రమాదం వేరే ఉంది. పబ్లిక్ రిపాజిటరీలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే షెడ్యూల్ వర్క్‌ఫ్లోని గిట్‌హబ్ ఆపేస్తుంది. నిషేధం 61 రోజులు! బోట్లు ఒడ్డున ఉన్నన్నాళ్లూ సైటు జోలికి ఎవరూ పోరు. తీరా నోటీసు రావాల్సిన రోజుకి క్రాన్ నిద్రపోయి ఉంటుంది. అందుకని మే మధ్యలో ఏదో ఒక చిన్న మార్పు పుష్ చేయండి, ఒక్క వాక్యం సరిదిద్దినా చాలు. అప్పటికే ఆగిపోయి ఉంటే యాక్షన్స్ ట్యాబ్‌లో ఆ వర్క్‌ఫ్లో తెరిచి ఎనేబుల్ నొక్కండి, ఆ వెంటనే రన్ వర్క్‌ఫ్లో నొక్కి ఒకసారి చేత్తో నడపండి. పచ్చ టిక్కు చూసి లేచిపోకుండా, ఫోన్‌లో సైటు తెరిచి నోటీసు ఉందో లేదో చూడండి.