షాట్‌గన్ బ్రాండ్ ఎంచుకునే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

ఏ తుపాకీని చేతిలోకి తీసుకున్నా, అది ఖాళీగా ఉందని మొదట స్వయంగా చూసి నిర్ధారించుకోండి. గొట్టాన్ని ఎప్పుడూ మనుషులు లేని వైపుకే ఉంచండి.

బెరెట్టా, బ్రౌనింగ్, బెనెల్లీలలో ఏది మేలన్న చర్చకు ముందే, కాల్చేటప్పుడు వేసుకునే దుస్తులతోనే ఒక్కొక్కదాన్ని కళ్లు మూసుకుని భుజానికెత్తి చూడండి. కళ్లు తెరిచాక తల కదపకుండానే చూపు గొట్టం మీదుగా నేరుగా సాగకపోతే, స్టాక్ (భుజానికి ఆనించే వెనుక భాగం) పొడవో, చెంప ఆనే భాగం ఎత్తో, పక్కకున్న వంపో మీకు సరిపోలేదన్నమాట. చాలా సెమీ ఆటోమేటిక్ (కాల్చిన వెంటనే తదుపరి తూటాను తానే ఎక్కించుకునే) నమూనాలలో షిమ్‌లతో, అంటే స్టాక్ మొదట్లో అమర్చే పలుచని బిళ్లలతో, ఎత్తునూ వంపునూ కొంత సవరించుకోవచ్చు కనుక, వెంటనే తిరస్కరించకండి.

తూటా పేలినప్పుడు పుట్టే వాయువుతో పనిచేసే బెరెట్టా ఏ400 వంటి గ్యాస్ తుపాకులు సాధారణంగా భుజాన్ని మృదువుగా తాకుతాయి. ఇనర్షియాతో, అంటే తుపాకీ వెనక్కి తన్నే కదలికతోనే, పనిచేసే తేలికపాటి బెనెల్లీలలో తన్ను ఎక్కువగా తెలుస్తుంది. తుపాకీ బరువును లెక్కలోకి తీసుకోని పోలిక సరైనది కాదని నా గట్టి అభిప్రాయం. కాల్చి చూసేటప్పుడు అన్నిటిలోనూ ఒకే రకం తూటాలు వాడండి. చెవులకూ కళ్లకూ రక్షణ తప్పక ధరించండి.