రోజుకో ఫోటో: మనసు కుదుటపడేందుకు ఫోన్ కెమెరాను ఎలా వాడాలి?

మనసు బాగోలేనప్పుడు చేయి ఫోన్ మీదికే పోతుంది. వేలు రీల్స్ మీదికి పోతుంది. గంట గడిచాక తల ఇంకా బరువెక్కుతుంది. అదే ఫోన్‌లో ఉన్న కెమెరాను రోజుకు పదిహేను నిమిషాలు ఒక పద్ధతిలో వాడితే పరిస్థితి కొంత మారుతుంది. కొత్త కెమెరా, లెన్సులు కొనక్కర్లేదు. నాలుగేళ్ల పాత ఫోన్ అయినా సరిపోతుంది.

ఈ పద్ధతిని పరిశోధకులు కూడా గమనించారు. రోజుకో ఫోటో తీసి పంచుకునే కొద్దిమందిని లాంకాస్టర్, షెఫీల్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు లిజ్ బ్రూస్టర్, ఆండ్రూ కాక్స్ రెండు నెలలపాటు పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. తమను తాము పట్టించుకోవడానికి, తోటివారితో మాట కలపడానికి, గడిచినవి తలచుకోవడానికి ఈ అలవాటు పనికొస్తోందని వాళ్లు చెప్పారు. అమెరికాలో ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 41 మంది విద్యార్థులతో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలోనూ, మూడు వారాలు రోజూ ఫోటోలు తీశాక వాళ్ల మూడ్ మెరుగుపడింది. రెండూ చిన్న అధ్యయనాలే. కాబట్టి దీన్ని మందుగా భావించకండి, మందులు వాడుతుంటే మానకండి. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి పోయినా, ఎప్పుడైనా బతకాలనిపించకపోయినా కెమెరా పక్కన పెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. కాల్ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

మొదలుపెట్టే ముందు ఇంకో సంగతి. లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మ్యూజియంలో చేసి 2014లో ఫలితాలు ప్రచురించిన ప్రయోగంలో, వస్తువులను టకటకా ఫోటో తీసుకుంటూ పోయినవాళ్లకు వాటి గురించి తక్కువ గుర్తుంది. వస్తువులోని ఒక భాగం మీదికి జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం జ్ఞాపకం దెబ్బతినలేదు. అంటే మేలు బటన్ నొక్కడంలో లేదు, నొక్కే ముందు ఎంతసేపు చూశామన్నదే లెక్క. కింద చెప్పిన ప్రతి అడుగూ ఆ చూపు సమయాన్ని పెంచడానికే.

ఫోన్‌ను సిద్ధం చేయండి (ఒక్కసారి, పది నిమిషాలు)

లెన్సును మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. ఫోటోలు పొగమంచు పట్టినట్టు రావడానికి చాలాసార్లు కారణం వేలిముద్రల జిడ్డే. జనం మాత్రం ఫోన్ పాతబడిందనుకుంటారు.

కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్ ఆన్ చేయండి. తెర మీద అడ్డంగా రెండు, నిలువుగా రెండు గీతలు వస్తాయి. అవి ఉంటే కన్ను అంచుల దాకా వెళ్తుంది, లేకపోతే మధ్యలోనే ఆగిపోతుంది.

తాళం తీయకుండానే కెమెరా తెరవడం నేర్చుకోండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్‌ను రెండుసార్లు నొక్కితే కెమెరా వస్తుంది, ఐఫోన్‌లో లాక్ తెరను ఎడమవైపుకు జరపాలి. హోమ్ తెర మీదుగా వెళ్తే దారిలో వాట్సాప్ చుక్క కనిపిస్తుంది, ఇక ఫోటో సంగతి అంతే. బయల్దేరే ముందు ఏరోప్లేన్ మోడ్ కూడా పెట్టండి. ఒంటరిగా ఊరి బయటికో, చీకట్లోనో వెళ్తుంటే మాత్రం పెట్టొద్దు.

రోజూ పదిహేను నిమిషాలు

ఒకే వేళ పెట్టుకోండి. ఉదయం ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి గోడ గరుకుదనం, ఆకు ఈనెలు తేలి కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం అన్నీ చదునుగా ఉంటాయి. బయటికి వెళ్లే ఓపిక లేకపోతే కిటికీ పక్కన కూర్చున్నా చాలు.

మొదటి మూడు నిమిషాలు ఫోన్ జేబులోనే ఉండాలి. నడవండి, చూడండి. ఏదో ఒకటి కన్ను పట్టి ఆపుతుంది: నీళ్ల బిందె మీద మెరుపు, తడి తువ్వాలు నీడ, టీ గ్లాసు అంచున మిగిలిన నురగ. ఆగాక బయటికి తీయండి. ముందు దూరం నుంచి ఒకటి, తర్వాత రెండడుగులు ముందుకేసి ఒకటి, ఆ తర్వాత అందులోని ఒక భాగం మాత్రమే కనిపించేలా ఇంకొకటి తీయండి. వేళ్లతో జూమ్ చేయకండి, కాళ్లతో దగ్గరికి వెళ్లండి. మరీ దగ్గరికి పోతే ఫోకస్ పట్టదు. అప్పుడు కాస్త వెనక్కి జరిగితే చాలు.

వెలుతురు విషయంలో ఫోన్ తరచూ పొరబడుతుంది. పేడనీళ్లు చల్లిన వాకిట్లో ముగ్గు తీశారనుకోండి. నేల ముదురుగా ఉండేసరికి ఫోన్ మొత్తం బొమ్మను వెలిగించేస్తుంది, ముగ్గు గీతలు తెల్లటి మరకలవుతాయి. గీత మీద వేలితో తాకండి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. గీతలోని పిండి రేణువులు తేలేదాకా లాగాలి. ఈ ఒక్క పని చేతనైతే సగం ఫోటోగ్రఫీ వచ్చినట్టే.

రోజుకు పది ఫోటోలు దాటకండి. ఫిల్మ్ రీలు కాలంలో ఒక్కో రీలుకు మామూలుగా 36 ఫోటోలకు మించి వచ్చేవి కావు గనుక జనం ఆలోచించి నొక్కేవాళ్లు. లెక్క లేకపోతే ఆలోచనా ఉండదు. తీసిన వెంటనే తెర మీద పెద్దది చేసి చూసుకోకండి, అక్కడే తప్పులు వెతకడం మొదలవుతుంది.

నాలుగు వారాలకు నాలుగు పనులు

మొదటి వారం నీడలు మాత్రమే తీయండి. రెండో వారం ఏదో ఒక రంగు: పసుపు తీసుకుంటే గడప, అరటిపండు, ఆటో, బంతిపూలు. ఇవి సులువు.

మూడో వారం చేతులు. కూరగాయలు తరిగే చేతులు, పూలు కట్టే చేతులు. ఇందుకు మనుషుల్ని అడగాల్సి వస్తుంది, ఇంట్లోనే ముడుచుకుపోయినవాళ్లకు అదే మేలు. “మీ చేతులు ఫోటో తీసుకోనా అమ్మా, ముఖం రాదు” అంటే చాలామంది కాదనరు. వద్దంటే నవ్వి ముందుకు సాగండి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల్ని అడగకుండా తీయకండి. ఆసుపత్రుల్లో, ఆలయ గర్భగుడి దగ్గర, సైనిక స్థావరాలు ఉన్నచోట అసలు వద్దు.

నాలుగో వారం పని చూడటానికి విసుగు పుట్టించేలా ఉంటుంది, కానీ నాలుగింటిలో గట్టిది ఇదే. ఒకే చోట నిలబడి, ఒకే దృశ్యాన్ని, ఒకే వేళకు ఏడు రోజులు తీయాలి. డాబా మీంచి కనిపించే వేపచెట్టో, ఎదురింటి గోడో చాలు. నిలబడ్డ చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి, లేకపోతే ఫ్రేము రోజూ కదిలిపోతుంది. మూడో రోజుకు “ఏముంది, అదే కదా” అనిపిస్తుంది. మానకండి. ఏడూ వరుసగా పెట్టి చూస్తే ఆకు రాలడం, మబ్బు కమ్మడం, గోడ మీద తడి పైకెక్కడం కనిపిస్తాయి. దిగులులో ఉన్నవాళ్లకు రోజులన్నీ ఒక్కలాగే ఉన్నాయనిపిస్తుంది. అలా లేవని మాటలతో చెబితే నమ్మరు, వరుసగా పెట్టిన ఏడు ఫోటోలు చూస్తే కాదనలేరు.

ఒక్క వాక్యం రాయండి

ఆ రోజు ఫోటోల్లోంచి ఒకటి ఎంచుకుని కింద ఒకే వాక్యం రాయండి. కంటికి కనిపించింది ఒకటి, ఒంటికి అనిపించింది ఒకటి. “చింతచెట్టు నీడ గేటు దాటింది, భుజాలు బిగుసుకుని ఉన్నాయి.” ఇంతే. “బాగుంది”, “సూపర్” అని రాస్తే వారం తర్వాత చదివినప్పుడు ఏమీ గుర్తుకు రాదు. రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో కాకుండా పుస్తకంలో రాస్తే ఇంకా మంచిది.

పంచుకోవాలా?

పంచుకోవచ్చు, కానీ ఆలస్యంగా. స్టేటస్‌లో పెట్టాలన్న ఉద్దేశంతోనే ఫోటో తీస్తే ఆ క్షణంలో ఆనందం తగ్గుతుందని అలిక్సాండ్రా బరాష్, గాల్ జాబర్‌మన్, క్రిస్టిన్ డీల్ 2018లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. ఎదుటివాళ్లు ఏమనుకుంటారోనన్న ధ్యాస మధ్యలో దూరుతుంది. అందుకే వారం దాకా ఎక్కడా పెట్టకండి. ఆదివారం మూడు ఫోటోలు ఎంచి, లైకుల లెక్క కనిపించే చోట కాకుండా దగ్గరివాళ్లు ఇద్దరు ముగ్గురికి పంపండి, మీరు రాసిన వాక్యంతో సహా.

సెల్ఫీల గురించి

మొదటి నెల వద్దు. చేయి చాచి తీసే సెల్ఫీలో ముఖం నిజంగానే వంకరపోతుంది. 12 అంగుళాల దూరం నుంచి తీస్తే ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని, 5 అడుగుల దూరంలో ఆ తేడా ఉండదని 2018లో అమెరికా వైద్యులు లెక్కకట్టారు. దగ్గరి వస్తువు పెద్దదిగా కనిపించడమే కారణం, ఆ తప్పు మీ ముఖానిది కాదు. తీయాల్సి వస్తే ఫోన్‌ను అల్మారాలో ఆనించి, టైమర్ పెట్టి, ఐదడుగుల దూరం జరగండి.

ఎక్కడ గాడి తప్పుతుంది

ఒక రోజు తప్పిపోతే మర్నాడు రెండు రోజులవీ తీయాలనుకుంటారు. నాలుగు రోజులు తప్పాక అప్పు పెరిగినట్టనిపించి మొత్తం వదిలేస్తారు. పోయిన రోజు పోయింది, ఇవాళ్టివి మాత్రమే తీయండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో వేరేవాళ్ల ఫోటోలతో పోల్చుకోవడం మరో గండం. ఆ రంగులు ఎడిటింగ్‌లో వచ్చినవి. ఈ నెల రోజులూ ఫిల్టర్లు, ఎడిటింగ్ ముట్టుకోకండి.

మూడోది గ్యాలరీ. పోయినవారి ఫోటోనో, విడిపోయినవారి ఫోటోనో “ఈ రోజు జ్ఞాపకం” అంటూ అనుకోకుండా ఎదురొస్తుంది. గూగుల్ ఫోటోస్‌లో మెమరీస్ సెట్టింగ్స్‌కు వెళ్లి, ఫలానా మనుషులు, ఫలానా తేదీలు రాకుండా చేయొచ్చు. ఫోటోలు చెరిగిపోవు, అడగకుండా ఎదురురావు, అంతే. చూడాలనిపించిన రోజున మీరే తెరిచి చూసుకోండి, వీలైతే ఇంట్లో ఎవరైనా పక్కన ఉన్నప్పుడు.

చీకటి ఫోటోలే వస్తున్నాయని కంగారు పడొద్దు, వర్షం వారంలో అందరికీ అంతే. కానీ తీసిన ప్రతి ఫోటోకూ కింద “ఏం లాభం”, “అలసిపోయాను” అనే మాటలే రెండు వారాలుగా వస్తుంటే, ఆ పుస్తకాన్ని డాక్టరుకు చూపించండి. నోటితో చెప్పలేనిది అందులో ఉంటుంది.

నెలాఖరున

నెలలో ఎంచినవాటిలోంచి పన్నెండు ఫోటోలను స్టూడియోలో 4×6 సైజులో ప్రింట్ వేయించండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. వెనక తేదీ, ఆ రోజు వాక్యం రాయండి. బాల్‌పెన్‌తో గట్టిగా రాస్తే ముందువైపు గీత తేలుతుంది. సన్నటి పర్మనెంట్ మార్కర్ వాడి, సిరా ఆరేదాకా ఒకదాని మీద ఒకటి పెట్టకండి.