మెయిల్‌లో మెయిల్: పెర్ల్ మైమ్ పార్సర్‌తో విప్పడం

ఎవరైనా ఒక మెయిల్‌ని అటాచ్‌మెంట్‌గా ఫార్వర్డ్ చేస్తే, లోపలి మెయిల్ 'మెసేజ్/ఆర్ఎఫ్‌సీ822' అనే రకంతో వస్తుంది. దాన్నేం చేయాలో మెయిల్‌ని భాగాలుగా విడదీసే పెర్ల్ మాడ్యూల్ మైమ్::పార్సర్‌లోని ఎక్స్‌ట్రాక్ట్_నెస్టెడ్_మెసేజెస్ అనే మెథడ్‌తో చెప్పాలి.

సున్నా ఇస్తే లోపలి మెయిల్‌ని విప్పదు, మామూలు ఫైల్‌లా అలాగే ఉంచుతుంది. ఆధారంగా దాచుకోవాల్సిన మెయిళ్లకు నేను ఇదే వాడతాను. 'నెస్ట్' ఇస్తే (డిఫాల్టూ ఇదే) లోపలి మెయిల్ ఆ భాగానికి ఏకైక పిల్ల అవుతుంది. పార్ట్స్(0) అని పిలిస్తే చేతికొస్తుంది. 'రీప్లేస్' ఇస్తే డబ్బా (లోపలి మెయిల్‌ని మోసే ఆర్ఎఫ్‌సీ822 భాగం) పారేసి సరుకు మాత్రమే మిగులుస్తుంది. డబ్బాతోపాటు దాని హెడర్లూ పోతాయి కాబట్టి నాకది నచ్చదు.

అసలు చిక్కు రికర్షన్‌లో, అంటే ఒక్కో భాగం లోపలికి మళ్లీ మళ్లీ దిగడంలో. చాలామంది ఈజ్_మల్టీపార్ట్ (భాగం రకం 'మల్టీపార్ట్' అవునా కాదా చెప్పే మెథడ్) నిజమైతేనే లోపలికి దిగుతారు. ఆర్ఎఫ్‌సీ822 భాగం మల్టీపార్ట్ కాదు, అయినా దానికి పిల్ల ఉంటుంది. ఆ షరతుతో లోపలి అటాచ్‌మెంట్లన్నీ చడీచప్పుడు లేకుండా తప్పిపోతాయి. అందుకే ఎంటిటీ (పార్సర్ విడదీసిన భాగం) రకం చూడకండి, పార్ట్స్ ఖాళీయా కాదా అని చూసి దిగండి. బయటి మనుషులు పంపే మెయిళ్లయితే ఎంత లోతుకు దిగాలో ఒక హద్దు పెట్టండి. నేను పదితో ఆపేస్తాను.

సబ్జెక్ట్ చదివేటప్పుడు ఏ స్థాయి హెడ్‌ని (హెడర్లుండే చోటుని) అడుగుతున్నారో చూసుకోండి: డబ్బా హెడ్‌లో సాధారణంగా అది ఉండదు.